తీగ ఒంటరిగా పలకదు

గోడకు గట్టిగా దిగ్గొట్టిన రెండు మేకుల మధ్య సన్నని ఉక్కు తీగ ఒకటి బిగించి మీటి చూడండి. తీగ అదరడం కంటికి కనిపిస్తుంది. చెవి దగ్గర పెడితే తప్ప వినిపించదు. ఇప్పుడు తీగకూ గోడకూ మధ్య ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి దూర్చి, దాని మూత తీగకు ఆనేలా పెట్టి మళ్లీ మీటండి. పక్క గదిలో వాళ్లకు కూడా వినిపిస్తుంది. తీగ అదే, వేలు అదే, మీటిన బలం అదే.

మొదటిసారి శబ్దం రాకపోవడానికి కారణం తీగ మరీ సన్నగా ఉండటం. మిల్లీమీటరులో పదింట మూడు వంతుల మందం ఉన్న తీగ ముందుకు కదిలినప్పుడు ఎదురుగా ఉన్న గాలిని నొక్కాలి. కానీ ఆ గాలి నొక్కుకుపోయే లోపే తీగ పక్కల నుంచి జారి దాని వెనక్కి చేరిపోతుంది. సెకనుకు 150 సార్లు ఊగే తీగ గాలిలో లేపాల్సిన తరంగం పొడవు రెండు మీటర్ల పైమాట. అంత తరంగాన్ని లేపాలంటే గాలి పక్కకు తప్పుకోలేనంత వెడల్పైన తలం కావాలి. డబ్బా మూత ఆ పని చేసింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. డబ్బా శక్తిని పెంచలేదు. తీగలో ఉన్నది మన వేలు ఇచ్చిన శక్తి మాత్రమే, అందులో ఒక్క రవ్వ కూడా డబ్బా చేర్చదు. ఉన్న శక్తిని త్వరగా బయటికి పంపుతుంది, అంతే. కుండలో ఉన్న నీళ్లు ఎన్నో అన్నే. చిల్లు పెద్దదైతే ధార లావుగా వస్తుంది, కుండ కూడా తొందరగా ఖాళీ అవుతుంది. గోడ మీద తీగ చాలాసేపు, దాదాపు మౌనంగా ఊగుతుంది. డబ్బా మీద తీగ గట్టిగా పలికి చప్పున ఆగిపోతుంది. వీణ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది: వినేవాడికి అందేంత గట్టిగా, గమకం పూర్తయ్యేంత సేపు. తంతి వాద్యం చేసేవాడు చెక్కే ప్రతి పొర వెనుక ఈ బేరం ఉంది. ఈ అధ్యాయంలో ఇంటి దగ్గర ఒంటితీగ వాద్యం ఒకటి చేస్తూ ఆ బేరాన్ని అడుగడుగునా చూద్దాం.

తంతి వాద్యం ఇంట్లో చేసుకోవడం మనకు కొత్త కాదు. తెలంగాణలో కిన్నెరను వాయించేవాళ్లే చేసుకుంటూ వచ్చారు. వెదురు బొంగు దండి, కింద ఎండబెట్టి లోపల తొలిచిన సొరకాయ బుర్రలు, తీగను నొక్కే మెట్లను నిలబెట్టడానికి తేనె మైనం. మెట్లుగా ఒకప్పుడు అలుగు పొలుసులు వాడేవారు. ఆ జంతువుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి ఇప్పుడు వేరే పదార్థాలతోనే చేయాలి. పన్నెండు మెట్ల కిన్నెరతో వీరగాథలు పాడే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఈ వాద్యం పేరు చాలామందికి తెలిసింది. ఉత్తరాంధ్రలో బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు తరతరాలుగా పనస దుంగ నుంచి వీణలు చెక్కుతున్నారు. కుండ, దండి, తల అన్నీ ఒకే మానులోంచి వస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. అడవిలో దొరికిన వెదురు, పెరట్లో కాసిన సొరకాయ, ఊళ్లో కొట్టిన పనస: ఇంతకు మించి కొని తెచ్చినవి తక్కువ. పరికరాలు లేవని వెనుకాడే పాఠకుడు ముందుగా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

తీగతో మొదలుపెడదాం. తీగ స్వరం మూడింటి మీద ఆధారపడుతుందని ఫ్రెంచి మతాచార్యుడు మారన్ మెర్సెన్ 1636లో సూత్రాలుగా రాసిపెట్టాడు. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపు. బిగువు నాలుగు రెట్లయితే పౌనఃపున్యం రెట్టింపు. మీటరు తీగ బరువు నాలుగు రెట్లయితే పౌనఃపున్యం సగం. మన వాద్యంలో తీగ పైకొసన ఆనే మేరువు నుంచి కిందికొసన ఆనే గుర్రం దాకా, అంటే తీగ ఊగే మేర, 80 సెంటీమీటర్లు పెట్టుకుందాం. 0.3 మిల్లీమీటర్ల ఉక్కు తీగ మీటరుకు అరగ్రాము పైచిలుకు తూగుతుంది. దాన్ని 150 హెర్ట్జ్ దగ్గర షడ్జమానికి శ్రుతి చేయాలంటే సుమారు మూడుంబావు కిలోల బరువు వేలాడదీసినంత బిగువు కావాలి. పై షడ్జమం దాకా, అంటే 300 హెర్ట్జ్‌కు లాగాలంటే పదమూడు కిలోలు. మంచి వాద్యపు తీగ ఆ మందంలో పదిహేడు కిలోల దగ్గర తెగుతుంది.

మరి లావు తీగ వేస్తే ఇంకా పైకి లాగొచ్చు కదా? లాగలేం. తీగ రెండింతలు లావైతే బరువు నాలుగింతలవుతుంది, తెగకుండా మోసే బలం కూడా నాలుగింతలే అవుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి ఒకే పొడవున్న ఉక్కు తీగలన్నీ, సన్నవైనా లావువైనా, ఇంచుమించు ఒకే స్వరం దగ్గర తెగుతాయి. మన 80 సెంటీమీటర్లకు ఆ హద్దు 340 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంది. తంతి వాద్యాల కొలతలన్నిటి వెనుకా ఈ హద్దు ఉంది. వయొలిన్ పొట్టిగా, తంబూరా పొడుగ్గా ఉండటం అలంకారం కోసం కాదు. కిందిస్థాయి స్వరాలకు లావు తీగ ఎందుకంటే, సన్న తీగను అంత కిందికి దించితే బిగువు చాలక మెట్ల మీద కొట్టుకుంటుంది. వీణలో సారణి, పంచమం తీగలు సన్నగా, మంద్రం, అనుమంద్రం లావుగా ఉండటానికి కారణం ఇదే. మరీ లావైన కడ్డీలాంటి తీగ సరిగా వంగదు, స్వరం మొద్దుబారుతుంది. అందుకని లోపల సన్న తీగ ఉంచి దాని మీద మరో లోహపు తీగ చుడతారు. బరువు పెరుగుతుంది, వంగే గుణం పోదు.

ఇళ్ల సెంట్రింగ్ పనిలో చువ్వలు కట్టే బైండింగ్ వైరు మాత్రం వాడకండి. అది వంచడానికి వీలుగా మెత్తబరిచిన ఇనుము. మన షడ్జమం చేరేలోపే సాగిపోతుంది లేదా తెగుతుంది. సంగీత వాద్యాల దుకాణంలో గిటారు తీగ ఒకటి కొంటే చాలు, అది వాద్యానికి సరిపోయే ఉక్కు. బిగించేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోండి. తెగిన ఉక్కు తీగ ఎటు కొడుతుందో చెప్పలేం.

ఇప్పుడు దండి. మీటరు పొడవు, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, మూడు సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క చాలు. పనస దొరికితే మంచిది, లేకపోతే పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికే టేకు గుమ్మం ముక్క ఇంకా మంచిది. అది ఎన్నో ఎండలూ వానలూ చూసి ఆరిన చెక్క. పచ్చి చెక్క ఆరేటప్పుడు అన్ని దిక్కులా ఒకేలా ముడుచుకోదు. పీచుకు అడ్డంగా నూటికి ఐదారు వంతుల దాకా కుంచించుకుపోవచ్చు, పీచు నిలువునా మాత్రం వెయ్యికి ఒకటి రెండు వంతులే. కాబట్టి తీగ ఎటు సాగుతుందో పీచు కూడా అటే సాగాలి. అప్పుడే వాన తేమకు చెక్క ఉబ్బినా తీగ పొడవు దాదాపు మారదు. మందం విషయంలో ధారాళంగా ఉండండి. దండి మందం సగానికి తగ్గితే వంపును ఆపే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నాలుగు తీగల వాద్యం చేయాలనుకుంటే ఆ దండి పగలూ రాత్రీ పదమూడు కిలోల లాగుడును ఏళ్ల తరబడి భరించాలి.

ఏకాండి వీణ గురించి ఇక్కడే ఒక మాట. అతుకు లేనందువల్లే దాని నాదం గొప్పదని అంటూ ఉంటారు. వయొలిన్‌లో డెబ్బై దాకా ముక్కలు బంకతో అతికి ఉంటాయి, అది అద్భుతంగా పలుకుతుంది. బాగా పట్టిన అతుకు కంపనానికి అడ్డం కాదు. నా దృష్టిలో ఏకాండి గొప్పదనం వేరు: విప్పుకోవడానికి అతుకే లేని దండి వానాకాలాలకు తట్టుకుని తిన్నగా నిలబడుతుంది, ఒకే మానులో పీచు తల నుంచి కుండ దాకా తెగకుండా సాగుతుంది. అందుకు తగిన దుంగను ఎంచడం, గుండ్రని కుండను లోపలి నుంచి తొలుస్తూ గోడ మందాన్ని వేలితో తట్టి చెవితో తేల్చుకోవడం, ఇవి పుస్తకం చూసి వచ్చే పనులు కావు. మనం అతికిన పెట్టెతో సరిపెట్టుకుందాం.

ఇరవై సెంటీమీటర్ల పొడవు, పదిహేను వెడల్పు, ఎనిమిది లోతు ఉన్న పెట్టె ఒకటి పలుచని చెక్కతో చేయండి. పై పలక మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్. ఫెవికాల్ పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచండి. దండి చివర దీన్ని బిగించాక, పై పలక మధ్యకు కాస్త ఇవతల గుర్రం నిలుస్తుంది. పలక మందం దగ్గరే మనం మొదట చెప్పుకున్న బేరం మొదలవుతుంది. తీగ మీద పరుగెత్తే అల గుర్రం దగ్గరికి వచ్చి దాదాపు మొత్తం వెనక్కి తిరుగుతుంది, ప్రతి రాకలోనూ అతి కొద్ది భాగం మాత్రమే పలకలోకి దిగుతుంది. పలక బరువుగా ఉంటే ఆ భాగం ఇంకా తగ్గుతుంది: సన్నని, పొడుగాటి నాదం. మరీ పలుచగా ఉంటే అల రెండు మూడు రాకల్లోనే ఖాళీ అయిపోయి 'టప్' మన్న చప్పుడు మిగులుతుంది. ఆరు మిల్లీమీటర్ల పలకతో ఒకటి, రెండు మిల్లీమీటర్ల పలకతో ఒకటి చేసి పక్కపక్కన మీటితే ఈ తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

పెట్టెకు ఒక రంధ్రం కూడా కావాలి. లోపలి గాలి స్ప్రింగులా పనిచేస్తుంది, రంధ్రంలో ఉన్న కాస్త గాలి దాని మీద బరువులా ఎగిరిపడుతుంది. ఈ జంటకు తనదైన స్వరం ఉంటుంది. దీని లెక్క కట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్. మన 2.4 లీటర్ల పెట్టెకు నాలుగు సెంటీమీటర్ల వ్యాసంతో రంధ్రం పెడితే ఆ స్వరం 200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. రంధ్రం అంచు మీదుగా ఊదితే మీకే వినిపిస్తుంది. గిటారులో ఇది 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, వయొలిన్‌లో 270, 280 మధ్య ఉంటుంది. పలక సరిగా పలకలేని కింది స్వరాలకు ఈ గాలి అండగా నిలుస్తుంది. రంధ్రాన్ని చేత్తో సగం మూస్తే స్వరం కిందికి దిగుతుంది. ప్లైవుడ్ పెట్టె బదులు సొరకాయ బుర్ర పెట్టుకోవాలనుకునేవాళ్లు బాగా ముదిరి, తీగ మీదే ఎండిన కాయ ఎంచుకోవాలి. లేతకాయ ఎండితే ముడతలు పడి పగులుతుంది.

గుర్రం చేయడం ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. పాశ్చాత్య వాద్యాల్లో గుర్రం అంచు కత్తిలా సన్నగా ఉంటుంది, తీగ ఒకే బిందువు మీద ఆనుతుంది. మన వీణ, తంబూరాల గుర్రం వెడల్పుగా, పైభాగం కొద్దిపాటి వంపుతో ఉంటుంది. వీణలో ఆ పైభాగం మీద లోహపు రేకు పరుస్తారు. ఈ తేడా ఎంత పెద్దదో చూపించినవాడు విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్. తీగను మధ్యలో మీటితే, మధ్యబిందువు దగ్గర కదలిక ఉండకూడని అనుస్వరాలు, అంటే మూల స్వరానికి రెండింతలు, నాలుగింతలు ఉండేవి, పుట్టకూడదని థామస్ యంగ్ 1800 ప్రాంతంలో చెప్పాడు. కత్తి అంచు గుర్రం మీద అది నిజం. వీణ, తంబూరాల మీద ఆ పుట్టకూడని అనుస్వరాలు కూడా నిండుగా పలుకుతున్నాయని రామన్ 1921లో ప్రచురించాడు. కారణం ఆ వంపే. తీగ కిందికి దిగినప్పుడు గుర్రం వంపు మీద కొంత మేర పరుచుకుంటుంది, పైకి లేచినప్పుడు వదిలేస్తుంది. ఊగే పొడవు క్షణక్షణం మారుతూ ఒక అనుస్వరంలోని శక్తిని మరో అనుస్వరానికి మళ్లిస్తుంది. తంబూరాలో తీగకూ గుర్రానికీ మధ్య పెట్టే జీవాళి, ఒక నూలు పోగు, ఈ తాకిడిని సరిగ్గా ఎక్కడ జరపాలో నిర్ణయిస్తుంది. కొలిచే పరికరమేదీ లేని కాలంలో కేవలం చెవి చెప్పిన దాన్ని బట్టి మన పనివాళ్లు ఈ వంపును ఆకురాయితో తీర్చిదిద్దారు. భౌతికశాస్త్రం వాళ్ల వెనుక శతాబ్దాల తరవాత నడిచి వచ్చింది.

మీ గుర్రానికి గట్టి చెక్క తీసుకోండి. పైభాగం రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, మీద ఇత్తడి రేకు. మొదట చదునుగా ఉంచి మీటండి. తరవాత గీరుకాగితంతో వెనుక వైపుకు వెంట్రుకవాసి వాలు తెస్తూ, ప్రతి నాలుగైదు రుద్దులకూ ఒకసారి విని చూడండి. ఒక దశలో పొడిగా ఉన్న స్వరం రేకు విచ్చినట్టు మెరుస్తుంది. ఇంకా రుద్దితే అది చిర్రుమనే చప్పుడుగా చెడుతుంది. ఆగాల్సిన చోటు కొలబద్దకు దొరకదు. అదనంగా ఒక నూలు పోగు పెట్టి ముందుకూ వెనక్కూ జరిపి చూడటం మరచిపోవద్దు.

ఇక మెట్లు. సప్తకాన్ని పన్నెండు సమాన భాగాలు చేస్తే, గుర్రం నుంచి ఒక్కో మెట్టు దూరం ముందుదానిలో 1.0595వ వంతుగా తగ్గుతూ పోతుంది. 80 సెంటీమీటర్ల తీగకు మొదటి మెట్టు గుర్రం నుంచి 75.5 దగ్గర, ఏడోది 53.4 దగ్గర, పన్నెండోది సరిగ్గా 40 దగ్గర పడతాయి. మొదటి మెట్టుకు ముందు నాలుగున్నర సెంటీమీటర్ల ఎడం, పన్నెండో మెట్టుకు ముందు 2.4 మాత్రమే. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరవడం మీరు వీణ మీద చూసే ఉంటారు. అయితే సమాన భాగాల పద్ధతి సౌకర్యం కోసం చేసుకున్న ఒప్పందం. తంబూరా వింటూ చెవి కోరే పంచమం తీగలో మూడింట రెండు వంతుల దగ్గర, అంటే 53.3 సెంటీమీటర్ల దగ్గర ఉంది. తేడా అరమిల్లీమీటరు పైచిలుకు, పట్టించుకోనక్కర్లేదు. అంతర గాంధారం మాత్రం ఐదింట నాలుగు వంతుల దగ్గర, 64 సెంటీమీటర్ల దగ్గర పలుకుతుంది. లెక్క ప్రకారం పెట్టిన మెట్టు 63.5 దగ్గర ఉంటుంది. ఆ అరసెంటీమీటరు తేడా శ్రద్ధగా వినే చెవికి తెలుస్తుంది.

మెట్లు ఎక్కడ పెట్టాలన్న చర్చ మన దగ్గర పాతది. విజయనగర రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో రాసిన 'స్వరమేళకళానిధి' దాన్ని వివరంగా నడిపింది. ఇప్పుడు మనం చూసే 24 స్థిర మెట్ల వీణను 17వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో తంజావూరు ఏలిన కవిరాజు రఘునాథ నాయకుడి పేరుతో చెప్పుకుంటారు. మెట్లు స్థిరమైనా వాటిని మేకులతో కొట్టలేదు. తేనె మైనంలో నల్లపొడి కలిపి ముద్ద చేసి, దానిలో ఇత్తడి మెట్లు నాటారు. మైనం వేడికి మెత్తబడుతుంది కాబట్టి స్వరం తప్పిన మెట్టును జరిపి మళ్లీ నిలపవచ్చు. దాన్నే మేళం కట్టడం అంటారు. మీరు కూడా లెక్క ప్రకారం గీతలు గీసుకుని, మైనం మీద మెట్లు పెట్టి, చివరి మాట చెవికే వదిలేయండి.

చెవికి వదలడానికి ఇంకో కారణం ఉంది. మెట్టు మీద తీగను నొక్కితే అది కొంచెం సాగుతుంది, స్వరం కొంచెం పైకి పోతుంది. ఎంత సాగితే ఎంత పైకి? షడ్జమం నుంచి చతుశ్రుతి రిషభానికి చేరాలంటే బిగువు నూటికి ఇరవయ్యారు వంతులు పెరగాలి. ఉక్కు ఎంత మొండిదంటే అందుకు మన తీగ సాగాల్సింది సుమారు అరమిల్లీమీటరు. వైణికుడు మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించేటప్పుడు ఆ అరమిల్లీమీటరును వేలికొసతో పంచిపెడుతున్నాడు. ఎత్తైన మెట్లు, వాటి కింద పల్లంగా ఉన్న దండి, తీగకు ఉంచిన ఆ కాస్త వదులు, ఇవన్నీ ఆ లాగుడు కోసమే ఉన్నాయి. పొట్టి మెట్ల గిటారు మీద మన గమకాలు ఇబ్బంది పడటం వాయించేవాడి లోపం కాదు.

ఇంత సున్నితమైన తీగకు వాతావరణమూ లెక్కే. పది డిగ్రీల వేడి పెరిగితే ఉక్కు చెక్కకంటే ఎక్కువ సాగి బిగువు సడలుతుంది, మన షడ్జమం అరస్వరంలో పావువంతు పైనే కిందికి జారుతుంది. అందుకే తీగను బిగించే బిరడా నునుపుగా తిరగాలి, తిరిగిన చోట జారకుండా నిలవాలి. గట్టి కర్రను కొన వైపు కొద్దిగా సన్నబరిచి, అదే వాలుతో తొలిచిన రంధ్రంలో బిగిస్తే రాపిడి చాలు. సుద్ద పొడి కాస్త రాస్తే పట్టు పెరుగుతుంది.

మన చేతిలో తయారైన ఈ వాద్యం నిజానికి ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో బీరువాలో దుమ్ముపట్టి ఉండే సోనోమీటరే. తీగ, రెండు ఆనికలు, బోలు పెట్టె: రెండిటికీ తేడా మెట్లూ, గుర్రం వంపూ మాత్రమే. పరీక్షనాడు పిల్లలు దాని ముందు నిలబడి ముందే తెలిసిన జవాబు రాసి వస్తారు. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటి. ధ్వని పాఠం మొదలుపెట్టే ముందు బల్లకొక చెక్క, ఒక గిటారు తీగ, ఒక ఖాళీ డబ్బా, కాస్త మైనం ఇవ్వండి. మెర్సెన్ సూత్రాలు బోర్డు మీద రాయకుండా, పంచమం ఎక్కడ పలుకుతుందో కొలిచి చెప్పమనండి. ఊళ్లో తంబూరా మీటే భజన బృందం ఉంటే, కిన్నెర వాయించే పెద్దాయన ఉంటే, ఆ రోజు తరగతికి పిలవండి. గురువుగా కుర్చీ వేసి కూర్చోబెట్టండి.